నమోదు 19లో కొట్టేసిన రెండు వాక్యాలు

నమోదు 41. తెల్లబండ, మొదటి రోజు.

గాలి పడమటి నుంచి, మెల్లగా. పొద్దున ఉగ్గాని, బజ్జి. బజ్జిలో మిరపకాయకు కారం లేదు. ఈ సంగతి రాసుకోమని తిప్పేస్వామి రెండుసార్లు చెప్పాడు కాబట్టి రాస్తున్నాను.

ఊరు మారినప్పుడల్లా లేఖరి తన పరిచయం మళ్ళీ రాయాలి. నా పేరు కుళ్ళాయమ్మ. ఇరవై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేశాను. బస్సులు తమంతట తామే నడిచి, తామే టికెట్లు కొట్టుకోవడం మొదలయ్యాక మా డిపోలో పదకొండు మందిమి సందర్భ లేఖరి పరీక్ష రాశాం. నేనూ ఇంకో ఇద్దరూ గట్టెక్కాం. పరిశోధన ఎక్కడ జరిగినా రెండు పుస్తకాలు ఉండాలని చట్టం. ఫలితాల పుస్తకం బాగా చదువుకున్నవాళ్ళు రాస్తారు. సందర్భ పుస్తకం నాలాంటివాళ్ళు రాస్తారు: ఆ రోజు గాలి ఎటు వీచింది, ఎవరొచ్చారు, ఏం తిన్నారు, ఎవరు ఎవరి మీద అలిగారు. మూడో నియమం నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. 'ఏది ముఖ్యమో తేల్చే పని లేఖరిది కాదు. చూసింది రాయాలి, రాసింది కొట్టేయకూడదు.' దానికి గుర్తుగా ఇత్తడి బిళ్ళ ఇచ్చారు. ఒకప్పుడు కండక్టరు బిళ్ళ ఉండిన చోటే దాన్నీ తగిలించుకున్నాను.

ఇక మా జట్టు. డాక్టర్ సౌదామిని గారిది కాకినాడ వైపు. నీటిచుక్క ఏ దారం మీద నిలుస్తుందో, ఏ దారం మీద జారుతుందో ఆవిడ చదువు. తిప్పేస్వామి ధర్మవరం మగ్గాల ఇంట పుట్టినవాడు, మంచు పట్టే వలలు నేసేది అతనే. మూడోవాడు లెక్కలాయన. మనిషి కాదు, సద్దిగిన్నె అంత పెట్టె. గాలి, వేడి, నీళ్ళు, నా పుస్తకం అన్నీ ఆయన లెక్కలోకి వెళతాయి. మా మాటలు కూడా వింటాడు, అడగకుండా జవాబులిస్తాడు. రోజూ పొద్దున ఆయన్ని వడియాల్లా ఎండలో పెట్టడం నా పని.

నాలుగో భాగస్వామి హొన్నూరమ్మ. ముదిగుట్టలో నూట ఇరవై గొర్రెలున్న మనిషి. ఊరివాళ్ళు ఒకరు జట్టులో ఉండాలన్నది కూడా చట్టమే. ముదిగుట్టలో పరీక్ష ముగిశాక ఆమెను అక్కడే వదిలి వచ్చాం. తెల్లబండలో గొర్రెలు లేవు కదా, ఆమెకేం పని అనుకున్నాం. ఎవరన్నారో కూడా రాయాలి: అందరం అన్నాం.

పడమటి కొండల మీంచి తెల్లవారగానే దిగే మంచును వలల్లో పట్టి బిందెలకెత్తడం మా పని. ముదిగుట్టలో ఎనభై వలలకు మొదట రోజుకు నూట పది బిందెలు వచ్చేవి. ఇరవయ్యో రోజు నుంచి పెరుగుతూ పోయి మూడు వందల నలభై దగ్గర నిలిచాయి. ఆ ఊరికి కొత్త వలలు నేసిచ్చి, ఆ పాత ఎనభై వలల్నీ చుట్టి బండి మీద ఇక్కడికి తెచ్చాం.

తెల్లబండలో అరవై మూడు గడపలు. ఇంటికి ఐదు చొప్పున మూడు వందల పదిహేను బిందెలు రావాలి. ఇరవై ఆరో రోజున నీటి మండలి వాళ్ళు వచ్చి కొలుస్తారు. అన్ని రాకపోతే ఊరు మూసేసి, జనాన్ని సముద్రం ఒడ్డున ఉన్న మేడల్లోకి తరలిస్తారు.

ఊరి పెద్ద సంజమ్మ మాకు ఎదురొచ్చింది. అరవై దాటిన మనిషి, నడుం వంగలేదు.

"ఇప్పటికి రెండు ఊర్లు ఇడిసినా, రెండు తూర్లు మూట కట్టినా. మూడో తూరి కట్టేది లేదు. మీరు నీళ్లు తెప్పిస్తే మేలు, లేకుంటే ఈ బండ మీదనే కూచుంటా."

"తెప్పిస్తాం లేక్కా" అన్నాను. అలా మాటిచ్చే అధికారం నాకు లేదు. అయినా ఇచ్చాను.

నమోదు 42. రెండో రోజు.

రెండు వందల తొంభై బిందెలు! ఇంకా సగం వలలు బిగించనే లేదు, వదులుగా వేలాడుతున్నాయి. తిప్పేస్వామి ఈల వేశాడు. సౌదామిని గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని మళ్ళీ లెక్కపెట్టారు.

ఊళ్ళో ఆడవాళ్ళ సంబరం చెప్పలేను. సంజమ్మ పన్నెండు మందిని వెంటబెట్టుకుని కుంకుడుకాయ రసం గంగాళాలతో వచ్చింది. దూరాభారం వచ్చిన వలలు, దుమ్ము కొట్టుకుని ఉన్నాయి, స్నానం చేయించాలట. ఒకావిడ వలను నలిపి చూసి, "ఇంత జిడ్డు యాడిదమ్మా దీనికి! మీ ఊర్లో ఎవురూ కడగరా?" అని దెప్పింది. నాకు సిగ్గేసింది. మధ్యాహ్నానికి ఎనభై వలలూ మిలమిల మెరిశాయి. ఒక్కో గుంజకు పసుపు రాశారు, చుట్టూ ముళ్ళకంప కట్టి కుక్క కూడా రాకుండా చేశారు.

"మా కాకినాడ ల్యాబులో కూడా ఇంత శుభ్రం ఉండదండీ" అని సౌదామిని గారు మురిసిపోయారు.

నమోదు 45. అయిదో రోజు.

రెండు వందల ముప్ఫై. వలలన్నీ బిగించాక పెరగాలి కదా, తగ్గాయి. గాలి నిన్నటిదే, మంచు నిన్నటికన్నా చిక్కగా ఉంది. పొద్దున రాగిసంగటి, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి. మా ఆకలి తగ్గలేదు.

నమోదు 48. ఎనిమిదో రోజు.

నూట అరవై. జట్టులో మొదటి పోట్లాట.

"నేత మాది బాగనే ఉండాది. ముదిగుట్టలో నేను జంట ముడి ఏసినాకనే నీళ్లు పెరిగినాయి. ఈడ గాలే సరిగా లేదు" అన్నాడు తిప్పేస్వామి.

"జంట ముడి కాదు బాబూ, దారానికి నేను పట్టించిన పూత వల్ల పెరిగాయి. అది నెమ్మదిగా పనిచేస్తుందని ఆ రోజే చెప్పాను. ఇక్కడ మీరు గట్టిగా బిగించేసరికి పూత పగిలింది" అన్నారు సౌదామిని గారు.

"రెండూ కావు. పడమటి గాలి స్థిరపడటమే ముదిగుట్టలో కారణం కావచ్చు" అన్నాడు లెక్కలాయన, ఎండలోంచి.

ముగ్గురికీ ముదిగుట్ట గెలుపు తమదే. తెల్లబండ ఓటమి మాత్రం పక్కవాళ్ళది. సీటు కోసం కొట్టుకున్నవాళ్ళను నేను చాలామందిని చూశాను, వీళ్ళు వాళ్ళకేమీ తీసిపోరు. కాకపోతే ఇక్కడ రైట్ రైట్ అని బండి కదిలించే వీలు లేదు. మధ్యాహ్నం భోజనాలు విడివిడిగా జరిగాయి. నేను ముగ్గురి దగ్గరా తిన్నాను. లెక్కలాయన తినడు కాబట్టి ఇద్దరి దగ్గర అని చదువుకోగలరు.

నమోదు 52. పన్నెండో రోజు.

తొంభై అయిదు.

నీళ్ళు తగ్గేకొద్దీ ఆడవాళ్ళు వలల్ని ఇంకా బాగా చూసుకుంటున్నారు. రోజుకు ఒకసారి కడిగేవాళ్ళు రెండుసార్లు కడుగుతున్నారు. కుంకుళ్ళు అయిపోతే పక్క ఊరినుంచి తెప్పించారు.

సంజమ్మ ఇంటికి మజ్జిగకు వెళ్ళాను. ఆమె పెరట్లోకి వెళ్ళినప్పుడు జొన్నల గాదె వెనక నీలం చీర కొంగు కనబడింది, ఎర్ర అంచుది. వంగి చూస్తే మూట. గట్టిగా నాలుగు ముళ్ళు వేసి ఉంది. కట్టను అన్న మనిషి కట్టింది. ఎవరికీ కనబడకుండా దాచింది.

మజ్జిగ తాగాను. రుచి తెలియలేదు. నాకు చాలా బాధేసింది. బాధ వేస్తే అది కూడా రాయాలని రెండో నియమం.

నమోదు 54. పద్నాలుగో రోజు.

డెబ్బై. ఈ రోజు జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

పొద్దున లెక్కలాయన్ని ఎండలో పెడుతుంటే, "కుళ్ళాయమ్మ గారూ, ఒక సందేహం" అన్నాడు. "ముదిగుట్టలో నీరు పెరగడం మీ నమోదు పందొమ్మిది మరునాటి నుంచి మొదలైంది. తిప్పేస్వామి గారి ముడి అప్పటికే తొమ్మిది రోజుల పాతది. సౌదామిని గారి పూత పన్నెండు రోజుల పాతది. గాలిలో మార్పు లేదు, నేనన్నది కూడా తప్పే. మీ పుస్తకం మొత్తంలో కొట్టివేత ఒక్కచోటే ఉంది. అది నమోదు పందొమ్మిదిలో. రెండు వాక్యాలు. అక్కడ ఏముండేది?"

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో చెకింగ్ వాళ్ళకు ఒక్కసారి కూడా దొరకని మనిషిని, ఎండలో ఆరుతున్న పెట్టెకు దొరికిపోయాను.

అందరూ వచ్చారు. సౌదామిని గారి ముఖం ఎర్రబడింది. ఏముండేదో మా ఇద్దరికీ తెలుసు.

"చెప్పేయండి కుళ్ళాయమ్మ గారూ. కొట్టేయమని బతిమాలింది నేనే" అన్నారావిడ.

చెప్పేశాను. వాక్యాలు ఇవి: 'పొద్దున హొన్నూరమ్మ మంద వలల్లోకి జొరబడింది, సౌదామిని గారు గొడుగుతో తోలబోతే పొట్టేలు వెనకనుంచి కుమ్మింది, ఆవిడ నీళ్ళ తొట్టిలో కూలబడ్డారు. మంద గంటసేపు వలలకు ఒళ్ళు రుద్దుకుంది, హొన్నూరమ్మ తోలకుండా నవ్వుతూ కూర్చుంది.'

రాసిన సాయంత్రం సౌదామిని గారు నా దగ్గరికొచ్చి, 'నా పేరు ఇలా పుస్తకంలో ఉండిపోతే నా విద్యార్థులు చదువుతారండీ' అన్నారు. మంచి మనిషి, జ్వరమొచ్చినప్పుడు నాకు గంజి కాచి పోసిన మనిషి. గొర్రెలు గోక్కోవడం నీళ్ళకు సంబంధించిన సంగతి కాదులే అనుకున్నాను. ఏది ముఖ్యమో నేనే తేల్చేశాను. రెండు గీతలు గీశాను.

తిప్పేస్వామి మొదట నవ్వాడు. తొట్టి మాట తలుచుకుని ఆగలేక బాగా నవ్వాడు. తర్వాత ఒక్కసారిగా ఆగి, "అప్పా, మొదట కడిగిన రోజు ఆ యమ్మ జిడ్డు అన్నింది గదా" అన్నాడు.

సౌదామిని గారు కూర్చున్న చోటినుంచి లేచారు. "ఉన్ని జిడ్డు" అన్నారు. "గొర్రె ఒంటి జిడ్డండీ! వలకు అంటింది. దాన్ని మనం పన్నెండు రోజులుగా కుంకుడు రసంతో కడిగిస్తున్నాం!"

హొన్నూరమ్మకు కబురు పెట్టాం. ఫోనులో ఆమె గొంతు, వెనక గొర్రెల అరుపులు.

"అయ్యో, ఒగ రోజేంది? మీరు ఏడు గంటలకు వస్తాంటిరి. ఆ పొద్దు నుంచి అంతలోపల దినామూ వలల పక్కనే తోలుకుపోతాంటి. అవి గీరుకోకుండా ఉండవు గదా, కత్తెర ఎయ్యక ముందు ఒళ్లంతా నవ. కొత్త వలలకు ఇప్పుడు గూడా గీరుకుంటాండాయి, నీళ్లు బాగ వస్తాండాయి."

"మరి చెప్పలేదేం హొన్నూరమ్మా?" అన్నాను.

"ఎవురన్నా అడగల్ల గదా కుళ్ళాయక్కా. శనివారం శనివారం కాగితం ఇచ్చి 'అంతా బాగుందా' అంటిరి. బాగుండాది అంటిని."

నేను ఆ కాగితాలు తీసి చూశాను. అన్నిట్లోనూ అదే మాట.

గొర్రెల్ని తోలుకుని రావడానికి నాలుగు రోజుల నడక. ముదిగుట్ట వలలకు ఆ ఊరి ఇంకో మందను ఒప్పించి, ఎల్లుండి పొద్దున బయలుదేరుతానంది. బిళ్ళ తీసి ఈ పేజీలో పెట్టాను. మండలి వాళ్ళు వచ్చినప్పుడు నేనే ఇచ్చేస్తాను.

నమోదు 57. పదిహేడో రోజు.

గొర్రెలొచ్చేదాకా ఆగడమెందుకని సౌదామిని గారికి ఆత్రం. మందుల పెట్టెలో పగిలిన మడమలకు రాసుకునే లేపనం ఉంది, అది ఉన్ని జిడ్డుతోనే చేస్తారట. పక్క ఊరి మందుల కొట్టు కూడా ఖాళీ చేయించి, నిన్న పది వలలకు కుంచెలతో ఒక్క దారం వదలకుండా పట్టించారు. నేనూ పట్టించాను. నా మడమలు మాత్రం బాగుపడ్డాయి.

పది వలలకూ కలిపి రెండు బిందెలు. కడిగిన వలలకన్నా హీనం. ఆ మిగతావి ఆడవాళ్ళు కడుగుతూనే ఉన్నారు, రుజువయ్యేదాకా వాళ్ళకు చెప్పొద్దనుకున్నాం.

ఆవిడ చాలాసేపు భూతద్దంతో దారాన్ని చూశారు. "జిడ్డున్న చోట చుక్క జారుతుంది. లేని చోట పట్టుకుంటుంది. రెండూ పక్కపక్కన ఉండాలండీ. మొత్తం పూసేస్తే మంచుకు పట్టుకునే చోటే లేదు. గొర్రె కుంచెలా పూయదు కదా, ఒక చోట రుద్దుతుంది, ఒక చోట వదిలేస్తుంది" అన్నారు. తర్వాత ఆ పదింటినీ మళ్ళీ కడిగించమని చెప్పి, "గొర్రె లేకుండా గొర్రె పని చేయబోయాను" అన్నారు. ఈ మాట కొట్టేయమని ఆవిడ అడగలేదు.

నమోదు 60. ఇరవయ్యో రోజు.

పొద్దున తొమ్మిదింటికి హొన్నూరమ్మ వచ్చింది. భుజాన కంబళి, వెనక నూట ఇరవై గొర్రెలు, ముందు ఆ పొట్టేలు. సౌదామిని గారు నా వెనక్కి వచ్చి నిలబడ్డారు.

కంప దగ్గర ఆడవాళ్ళు అడ్డం నిలిచారు.

"కడిగి కడిగి మా చేతులు పుండ్లయినాయి. ఇప్పుడు గొర్లను తెచ్చి పూయిస్తారా?" అంది ఒకావిడ.

సంజమ్మకు సౌదామిని గారు అంతా వివరించారు. ఆమె విన్నది, వినేకొద్దీ ముఖం పాలిపోయింది. నా వైపు తిరిగింది.

"అంటే మేము కడగబట్టే పాయనా నీళ్లు? మా చేతులతో మేమే పోగొట్టుకుంటిమా?"

అప్పుడు నేను చెప్పాల్సింది ఒక్కటే. "కాదక్కా. మీరు ప్రేమగా చూసుకుంటిరి. కడగొద్దని మీకు తెలిసేదెట్ల? తెలియల్లంటే నా పుస్తకంలో ఉండల్ల. ఉండింది, నేను కొట్టేసినా. తప్పు నాది."

సంజమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వెళ్ళి కంప ఒక కొస పట్టుకుని లాగింది. ముల్లు గుచ్చుకుంటే "థూ" అని మళ్ళీ లాగింది. ఇంకో ఇద్దరు వచ్చి చెయ్యి వేశారు.

"నాలుగు వలలు కడిగినవే ఉంచండీ, వాటికి మాత్రం కంప తియ్యకండి" అని సౌదామిని గారు అరిచారు. "పక్కన పెట్టి చూసుకోవాలి కదా!"

మంద వలల్లోకి వెళ్ళింది. ఇక ఆ సుఖం చూడాలి! కళ్ళు మూసుకుని, మెడలు చాపి, వీపులు వంచి రుద్దుకున్నాయి. గుంజలకున్న పసుపంతా గొర్రెలకు అంటింది. తిట్టిన ఆవిడే నవ్వడం మొదలుపెట్టింది. పొట్టేలు సౌదామిని గారిని గుర్తుపట్టింది. ఆవిడ ఈసారి తొట్టికి దూరంగా పరిగెత్తారు. పూర్తిగా రాశాను.

ఆ నాలుగూ తప్ప మిగతావన్నీ రోజూ ఇలాగే రుద్దించాలి. కడగడం బంద్.

నమోదు 63. ఇరవై మూడో రోజు.

నూట తొంభై. పెరుగుతున్నాయి, కానీ ఇక మూడు రోజులే ఉన్నాయి. శనివారం కాగితంలో 'అంతా బాగుందా' తీసేసి, 'మేము చూడనిది నువ్వేం చూశావు' అని రాయించాం. హొన్నూరమ్మ రెండు పేజీలు చెప్పింది. అందులో ఒకటి: దక్షిణం వరస వలలు కిందికి వేలాడితే పొట్టి గొర్రెలకు కూడా అందుతాయి. తిప్పేస్వామి మధ్యాహ్నమంతా వాటిని ఒక జానెడు దించాడు. ఆమె చెప్పిన మిగతాది అతని నేత గురించి. అతనికి నచ్చలేదు, అయినా విన్నాడు.

నమోదు 65. ఇరవై అయిదో రోజు.

రెండు వందల తొంభై ఎనిమిది. ఎవరికీ సంగటి దిగలేదు. సంజమ్మ గాదె వైపు నేను చూడలేదు.

నమోదు 66. ఇరవై ఆరో రోజు.

ఈ పేజీ లేఖరిగా రాయడం లేదు. కారణం కింద ఉంది.

మండలి నుంచి ఇద్దరు వచ్చారు. వాళ్ళే కొలిచారు. ఊరంతా చుట్టూ నిలబడి లెక్కపెట్టింది, బిందె తర్వాత బిందె. కడిగిన నాలుగు వలలకూ కలిపి నాలుగు. మిగతా డెబ్బై ఆరింటికీ మూడు వందల ఇరవై ఏడు. మొత్తం మూడు వందల ముప్ఫై ఒకటి. కావలసింది మూడు వందల పదిహేను.

అరుపులకు గొర్రెలు బెదిరి సగం మంద గుట్టెక్కింది. హొన్నూరమ్మ మా అందరినీ కలిపి తిట్టింది.

తర్వాత నేను బిళ్ళ తీసి మండలి ఆవిడ చేతిలో పెట్టి, నమోదు 19, దాని వెంట 54 తెరిచి చూపించాను. సౌదామిని గారు పక్కన నిలబడి తన పేరు కూడా రాసుకోమన్నారు. మండలి ఆవిడ చదివింది. పెదవులు గట్టిగా బిగించుకుంది కానీ తొట్టి మాట దగ్గరికొచ్చేసరికి నవ్వుకు భుజాలు కదిలాయి. చివరకు, నియమం నియమమే, బిళ్ళ ఆరు నెలలు తీసుకుంటున్నాం, ఈ రోజు పేజీ రాయడానికి లేఖరి లేరు అంది.

"ఊరి మనిషి రాయొచ్చు గదా" అంది సంజమ్మ. "జట్టులో ఊరి మనిషి ఒకరుండల్లని చట్టంలో ఉండాదంట. ఈ యమ్మ మా ఊరి మనిషి. రాస్తాది."

మండలి ఆవిడ నన్ను చూసింది. "మీది ఈ ఊరేనా?"

"ఈ పొద్దు నుంచి" అంది సంజమ్మ.

కాబట్టి తెల్లబండ మనిషిగా రాస్తున్నాను. గాలి పడమటి నుంచి. మధ్యాహ్నం ఓళిగలు, నెయ్యి. తిప్పేస్వామి తొమ్మిది తిన్నాడు, ఏడు అని రాయమన్నాడు. లెక్కలాయన్ని ఎండలోంచి తీయడం మరిచిపోయాం, ఏమీ అనలేదు. సంజమ్మ ఇంటి ముందు మొదటి బిందె నీళ్ళు కొత్త కుండలో పోసింది. కుండ మూతికి వాసెన కట్టింది. గుడ్డ నీలం చీరది, ఎర్ర అంచు. నాలుగు ముళ్ళు వేసిన చోట ఇంకా ముడతలున్నాయి.